కాపలా పడక

ఆ డిటెక్టివుకి నిద్రగన్నేరు అని పేరు పెట్టిందెవరో గానీ, వాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి. నిజానికి ఆ చెట్టే కొంత నయం, పొద్దు వాలేదాకా ఆగి అప్పుడు ఆకులు ముడుచుకుంటుంది. ఈయనకి పొద్దుతో పని లేదు. కుర్చీ కనబడితే చాలు, రెప్పలు వాలిపోతాయి. ఆ ఉదయం కూడా పోలీస్ స్టేషన్ వెనక గదిలో, మేస్త్రికి ఎదురుగా, అరమోడ్పు కళ్ళతో కూర్చున్నాడు. కిటికీ అవతల సరస్సంతా మంచు. నీళ్ళు ఎక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. చూస్తూ కూర్చుంటే ఎవరో కంటున్న కలలోకి మనం పొరపాటున వచ్చి పడ్డామా అనిపిస్తుంది.

మేస్త్రి అంటే పడవల మేస్త్రి. మూడు రోజుల కిందట సంగీతం మాస్టారి తెల్ల పడవ, రేవులో కట్టిన చోట కట్టినట్టే, రాత్రికి రాత్రి మునిగిపోయింది. లోపలి గదిలో పడుకున్న మాస్టారు అందులోనే పోయారు. ఆ పడవ వెనక భాగానికి నీళ్ళు చొరకుండా కొత్తగా సీలు వేసింది ఈ మేస్త్రి. వేసిన రోజు రాత్రే అది మునిగింది. ఇంకేం కావాలి? అజాగ్రత్తతో ప్రాణం తీశాడని కేసు రాయడానికి ఇన్‌స్పెక్టరు కలం మూత తీసి కూర్చున్నాడు. సాయంత్రం లోగా వేరే ఏదీ తేలకపోతే మేస్త్రికి జైలు తప్పదు.

ఆ తెల్లవారుజామునే మేస్త్రి భార్య డిటెక్టివు ఇంటి గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యగారూ, ఆయన వేసిన సీలు కారదు," అని ఒక్క మాట అని నిలబడింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఈయన నాలుగు ఓదార్పు మాటలు చెప్పి పంపేసేవాడే. ఆ పొడి కళ్ళు చూసే చెప్పులు వేసుకున్నాడు.

"మొదట్నుంచీ చెప్పు," అన్నాడు డిటెక్టివు మేస్త్రితో.

"ఏముంది సార్. ఈ రకం పడవకి ఇంజను లోపలుంటుంది, నీళ్ళలో పంకా తిప్పే కాలు బయటుంటుంది. మధ్యలో వెనక పలకకి ఇంత కంత. ఆ కంతలో ఓ ఇనప దిమ్మ బిగిస్తాం. దాని చుట్టూ రబ్బరు రింగు, ఇరుసు మీద ముడతల తొడుగు. ఆ రెండూ గట్టిగా ఉన్నంతకాలం అది పడవ. లేకపోతే చిల్లికుండ."

"నువ్వేం చేశావు?"

"ఇంజను లేపేశా. బయట కాలు ఊడదీశా. దిమ్మ మొత్తం బయటికి లాగి, పాత సీలంతా గీకేశా. కంత అంచున చెక్క పొడిగా ఉందో లేదో చూసుకుని, రెసిన్ పూత పట్టించి, ఆరనిచ్చి, అప్పుడు కొత్త రింగు, కొత్త తొడుగు. బోల్టులు ఇటొకటి అటొకటి, కొంచెం కొంచెంగా బిగించా. ఒకే వైపు బిగించుకుంటూ పోతే రింగు నలిగిపోతుంది. రింగు కింద సుద్దతో గోరంత గీత కూడా పెట్టా. నీళ్ళు దూరితే ఆ గీత ఉండదు. అది నా అలవాటు."

"నీళ్ళు తోడే మోటారు?"

"ఆపేశాను."

గుమ్మానికి ఆనుకుని నిలబడిన ఇన్‌స్పెక్టరు చిటిక వేశాడు. "విన్నావా బావా? నీళ్ళొస్తే దానంతటది తోడిపోసే మోటారుని చేతులారా ఆపేశాట్ట. ఇంక నువ్వు వెళ్ళి హాయిగా పడుకోవచ్చు."

ఈ ఇన్‌స్పెక్టరు సాక్షాత్తూ డిటెక్టివు భార్యకి తమ్ముడు. బావమరిది బతక కోరతాడని సామెత చెప్పినవాళ్ళు ఈ బావమరిదిని చూసి ఉండరు. బావ ఒక్క కేసులోనైనా బోర్లా పడితే, ఆ కబురు అక్కకి మొదట తనే చెప్పాలని పదేళ్ళుగా ఎదురు చూస్తున్నాడు.

"ఒరేయ్, జ్వరం ఉందో లేదో చూడాలనుకున్నప్పుడు ముందే మాత్ర వేస్తామా?" అన్నాడు డిటెక్టివు కళ్ళు తెరవకుండానే. "మోటారు తోడేస్తుంటే సీలు కారుతోందని తెలిసేదెలా? అందుకే మొదటి రాత్రి ఆపుతారు." తర్వాత మేస్త్రి వైపు తిరిగి, ఏదో మరిచిపోయిన పాట గుర్తు తెచ్చుకుంటున్నట్టు మెల్లగా అడిగాడు. "ఆ రాత్రి కాపలా పడక ఎవరిది?"

మేస్త్రి తల వాలిపోయింది.

కాపలా పడక అంటే ఆ షెడ్డుల్లో తరతరాలుగా వస్తున్న కట్టుబాటు. ఎవరు సీలు వేశారో వాళ్ళే మొదటి రాత్రి ఆ పడవలో పడుకోవాలి. మంచం మీద కాదు, నేల మీద. నేల పలక ఒకటి తీసి, అరచెయ్యి పడవ అడుగున పెట్టుకుని నిద్రపోవాలి. చుక్క నీరు చేరినా అరచేతికి చల్లగా తగిలి మెలకువ వస్తుంది. వంటమనిషి తను వండింది ముందు తనే రుచి చూడడం లాంటిది ఇది.

"నాదే సార్," అన్నాడు మేస్త్రి. "చీకటి పడ్డాక మా ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. పాపకి జ్వరం ఎక్కువై ఒళ్ళు బిగుసుకుపోతోందని. మాస్టారు అప్పుడే పడవ చూసుకుందామని వచ్చారు. 'నువ్వెళ్ళవయ్యా, నా పడవకి నేను కాపలా పడుకోలేనా' అన్నారు. అరచెయ్యి ఎలా పెట్టుకోవాలో చూపించాను. 'వీణ మీద చెయ్యేసి పడుకున్నట్టు పడుకుంటాలే' అని నవ్వారు. నేను వెళ్ళిపోయాను. తెల్లారేదాకా ఆసుపత్రిలోనే ఉన్నాం. నేను పడుకోవలసిన చోట ఆయన పడుకున్నారు సార్. ఆ సంగతి ఎవరికని చెప్పను? ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

డిటెక్టివు కుర్చీని కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"చీకటి పడకముందు పడవ దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"కెప్టెన్ గారొక్కరే. టూరిస్టు లాంచీ ఆయన." మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఇద్దరికీ కొంచెం మాటా మాటా వచ్చింది ఈ మధ్య. లాంచీకి కూడా ఇలాగే సీలు మార్చమన్నారు. తీరా చూస్తే వెనక పలకలో చెక్కంతా కుళ్ళింది. సుత్తితో తడితే టక్కుమనాలి, అది బొత్తుమంటోంది. కుళ్ళిన పంటికి బంగారు తొడుగు నేను వెయ్యను, పలక మార్చకపోతే రేవు ఆఫీసులో చెప్పేస్తా, అన్నాను. కోపం వచ్చింది ఆయనకి. కానీ ఆ సాయంత్రం ఆయనే వచ్చి భుజం మీద చెయ్యేశారు. 'ఈ రాత్రి కాపలా పడక నీదేనా' అని అడిగారు. పాతవన్నీ మరిచిపోయారు కదా అని సంతోషమేసి, ఆయన్ని పడవలో కూర్చోబెట్టి టీ తేవడానికి నేనే వెళ్ళాను. నిన్న ఇక్కడికి కూడా వచ్చారు. వదిలిపెడితే హామీ నేనుంటా అన్నారు."

"మంచిదే," అన్నాడు డిటెక్టివు. ఆ మాట అన్నందుకు ఆ మధ్యాహ్నం ఆయన తన నాలుక తనే కొరుక్కోబోతున్నాడు. అప్పటికి మాత్రం ఆవులించాడు.

*

పడవను పైకి తీసి, షెడ్డులో క్రేనుకి వేలాడదీశారు. రెండు వెడల్పాటి పట్టీల మీద, నేలకి మూరెడు ఎత్తున, అది ఇంకా నీళ్ళలో ఉన్నాననుకుంటూ మెల్లగా ఊగుతోంది. అడుగు నుంచి ఎప్పుడో ఒక చుక్క రాలుతోంది. తలుపుల్లోంచి మంచు లోపలికి వచ్చి నేల మీద పాకుతుంటే, డిటెక్టివుకి తన కాళ్ళు తనకే కనబడలేదు. ఆయనకి అదేమీ కొత్తగా అనిపించలేదు. సగం జీవితం ఆయనకి ఇలాగే కనబడుతుంది.

"నా కథ నాలుగు ముక్కల్లో అయిపోతుంది బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సీలు కారింది. ఇంజను గది నిండింది. వెనక భాగం కుంగింది. పైనుంచి కూడా నీళ్ళొచ్చి పడి, ఆ బరువుకి గది తలుపు తెరుచుకోలేదు. తెరవడానికి మాస్టారు చాలా ప్రయత్నించినట్టున్నాడు, పాపం, గోళ్ళు చూశాం. మేస్త్రి చేతకానితనం. అంతే."

"సీలు కారిందని ఎవరు చెప్పారు?"

"పడవ చెప్పింది. మునిగి మరీ చెప్పింది."

"సరే, ఇంకోసారి అడుగుదాం దాన్నే." డిటెక్టివు క్రేను డ్రైవరు వైపు చూశాడు. ఆ రేవులో క్రేను తోలేవాళ్ళు పానాలు పట్టడం కూడా తెలిసినవాళ్ళే. "ఆ కాలు ఊడదీసి, దిమ్మ బయటికి లాగవయ్యా. రింగు కింద ఏముందో చూడాలి."

నట్లు ఒక్కొక్కటే కీచుమంటూ వదిలాయి. ఇద్దరు మనుషులు పట్టుకుని కాలును పక్కన పెట్టారు. దిమ్మ మాత్రం ఓ పట్టాన రాలేదు. క్రేను డ్రైవరు కాలు తన్నిపెట్టి, చెమటలు కక్కుతూ లాగాడు. "ఎవడు బిగించాడో గానీ, వీడు పెళ్ళాంతో పోట్లాడొచ్చి బిగించలేదు సార్. చాలా నిదానంగా బిగించాడు, అన్నీ ఒకే బిగువు," అన్నాడు రొప్పుతూ.

దిమ్మ వదిలింది. డిటెక్టివు వంగి, రింగు అంటుకుని ఉన్న చోట వేలు పెట్టి రాశాడు. పొడిగా ఉంది. మూడు రోజులు సరస్సు అడుగున పడి ఉన్న పడవలో, రింగు కింద ఆ వేలెడు మేర మాత్రం ఎండాకాలం మధ్యాహ్నంలా పొడిగా ఉంది. పక్కనే గోరంత సుద్ద గీత, ఇప్పుడే గీసినట్టు తెల్లగా.

"ఇటు రారా," అన్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. చూసి, గీతను వేలితో తుడవబోయాడు.

"తుడవకు. అది నీ కేసులో మొదటి సాక్షి."

"అయితే నీళ్ళెలా వచ్చాయి? ఆకాశం నుంచి ఊడిపడ్డాయా?"

డిటెక్టివు ముడతల తొడుగును రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. హార్మోనియం తిత్తిలా అది సాగింది, ముడుచుకుంది. అడుగు వైపు ముడతలు విప్పినప్పుడు, వాటికి అడ్డంగా నాలుగు వేళ్ళంత గాటు పెదవి విప్పినట్టు తెరుచుకుంది.

"పాత రబ్బరు పగిలింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు వెంటనే. "కొత్తదని చెప్పి పాతదే తొడిగాడు."

"పాత రబ్బరు పగిలితే ముడత వెంట పగులుతుంది. ఇది ముడతలకి అడ్డంగా ఉంది. నొక్కి చూడు, మళ్ళీ ఎలా లేస్తోందో. చిరుగు వంకర పోతుందిరా, కోతే తిన్నగా పోతుంది. రాత్రి ఎవరో చిన్న పడవలో వచ్చి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి కత్తితో కోశారు."

"మేస్త్రే కోసి ఉండొచ్చుగా?"

"ఆసుపత్రి నర్సుని అడుగు, నేను అడిగే వచ్చాను. పాప తల మీద తడిగుడ్డ మారుస్తూ తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఆ గాటుని చూశాడు. మంచివాడే అతను. కాకపోతే ఓడిపోవడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. ఫోను తీసి స్టేషన్‌కి చేశాడు. "మేస్త్రిని వదిలేయండి. హామీ తీసుకుని పంపండి." ఫోను జేబులో పెట్టుకుంటూ, "అక్కకి ఇప్పుడే చెప్పకు బావా," అన్నాడు.

డిటెక్టివుకి ప్రాణం తేలికపడింది. పొడి కళ్ళతో గుమ్మంలో నిలబడిన ఆ ఇల్లాలు ఇప్పుడైనా ఏడుస్తుంది కదా అనుకున్నాడు. మనసు తేలికపడితే ఆయనకి వచ్చేది ఒకటే. "మాస్టారి మీద అంత కక్ష ఎవరికుందో ఆలోచించాలి. కాసేపు నన్ను కదిలించకండి," అని నిచ్చెన ఎక్కి పడవలోకి వెళ్ళాడు.

*

లోపలి గది పెట్టెలా ఇరుకుగా ఉంది. తడి చెక్క వాసన. గోడకి చీకటి గీతలా నీటి మరక. డిటెక్టివు నేల మీద వెల్లకిలా పడుకుని, తీసి ఉన్న పలక సందులోంచి అరచేతిని అడుగుకి జార్చాడు. పట్టీల మీద పడవ మెల్లగా ఊగుతోంది. రెప్పలు వాలాయి.

ఇప్పుడాయన మాస్టారు. పైన వాన లేదు, గాలి లేదు. నీళ్ళు పడవని జోకొడుతున్నాయి. ఎక్కడో ఒక తీగ మోగుతోంది, లేక అది తాడు కిర్రుమంటున్న చప్పుడేమో. అరచేతి కింద పొడి చెక్క. పొడిగా ఉంది గనక భయం లేదు. నిద్ర వచ్చింది. నిద్రలో పడవ వెనక్కి వాలుతోంది, ఎవరో ఊయల వెనక్కి లాగి పట్టుకున్నట్టు. అరచెయ్యి ఇంకా పొడిగానే ఉంది. ఇంకా పొడిగానే ఉంది. తలుపు అవతల నీళ్ళు మాట్లాడుకుంటున్నాయి.

పొడిగా ఎందుకుంది?

డిటెక్టివు కళ్ళు తెరిచాడు. ఆయన కళ్ళు పూర్తిగా తెరవడం చూసినవాళ్ళు తక్కువ. ఇంజను గది నిండుతుంటే ఆ నీళ్ళు ఈ గది అడుక్కి రావాలి. రెండు గదుల మధ్య గోడ అడుగున నీటికి దారిగా ఓ రంధ్రం ఉంటుంది, ప్రతి పడవకీ ఉంటుంది. అరచేతిని నమ్ముకోవడం ఆ రంధ్రాన్ని నమ్ముకోవడమే. ఆయన చెయ్యి అడుగు వెంట పాకుతూ పోయి గోడని తాకింది. రంధ్రం ఉండాల్సిన చోట మెత్తగా ఏదో తగిలింది. వేలు దూర్చి లాగాడు. నల్లగా, గట్టిగా కుక్కిన గుడ్డ.

"ఒరేయ్!"

ఇన్‌స్పెక్టరు తల లోపలికి పెట్టాడు. "అదా? పడవ పైకి తీసినప్పుడే చూశాం. మేస్త్రి తుడుచుకుని మరిచిపోయిన పీలిక."

"తుడుచుకోవడానికి నూలు గుడ్డ వాడతారురా, నీళ్ళు పీల్చని గుడ్డ కాదు." పిండి, కిందికి దిగి బకెట్ నీళ్ళలో జాడించి, క్రేను డ్రైవరు చేతికిచ్చాడు. "ఇదేం గుడ్డ?"

"పందిరి గుడ్డ సార్. లాంచీల మీద ఎండకి కడతారే, ఆ రకం. కొత్తదే, కత్తిరించిన అంచున పోగులు కూడా ఇంకా ఊడలేదు."

"ఈ మధ్య ఎవరు కొత్తగా కట్టారు?"

"ఇంకెవరు, సీజన్ కోసం కెప్టెన్ గారు కట్టించారు. ఈ రేవులో ఇంకెవరికుంది అంత లాంచీ?"

డిటెక్టివుకి ఈసారి ఆవులింత రాలేదు. కుర్చీ కోసం చూడలేదు.

"విను," అన్నాడు బావమరిదితో. ఆ గొంతు విని ఇన్‌స్పెక్టరు ఎత్తిపొడుపులు మానేశాడు. "కోసింది రాత్రి. గుడ్డ కుక్కింది సాయంత్రం, మేస్త్రి టీ తేవడానికి వెళ్ళినప్పుడు. అప్పటికి మాస్టారు పడవ దగ్గరికే రాలేదు. ఆ రాత్రి అక్కడ పడుకుంటానని ఆయనకే తెలీదు. పాపకి జ్వరం వచ్చిందీ, మనిషి మారిందీ అన్నీ చీకటి పడ్డాకే."

"అంటే..."

"గుడ్డ పెట్టింది అరచేతిని మోసం చెయ్యడానికి. ఆ అరచెయ్యి మేస్త్రిది. చంపాలనుకున్నది మేస్త్రిని. కుళ్ళిన పలక సంగతి రేవు ఆఫీసులో చెప్పేస్తానన్నది మేస్త్రి. మాస్టారు పాపం అడ్డం వచ్చి పోయారు." ఆయన అరచేతుల్లో మొహం దాచుకుని, మళ్ళీ తీశాడు. "ఈ మూడు రోజులూ నీ లాకప్పే ఆ మనిషిని కాపాడిందిరా. తలుపు తీయించింది నేను."

ఇన్‌స్పెక్టరు అప్పటికే స్టేషన్‌కి ఫోను చేస్తున్నాడు. అవతల చెప్పింది విని అతని మొహం పాలిపోయింది. "వెళ్ళిపోయాట్ట. హామీ సంతకం కెప్టెనే పెట్టాట్ట."

షెడ్డు తలుపు దగ్గర మంచులోంచి మేస్త్రి భార్య వచ్చింది. జ్వరం తగ్గిన పాప భుజం మీద నిద్రపోతోంది. ఆ కళ్ళు ఇప్పుడు తడిగా ఉన్నాయి, నవ్వుతున్నాయి.

"అన్నయ్యగారూ, మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేం," అంది. "ఆయన మీ దగ్గరికే వద్దామనుకున్నారు. కెప్టెన్ గారు వదల్లేదు. 'తప్పు నాదే మేస్త్రీ, పలక మార్పించేస్తా, నువ్వే దగ్గరుండి చెప్పాలి' అని చేతులు పట్టుకున్నారు. అవతలి ఒడ్డున పెద్ద వర్క్‌షాపు ఉందట, లాంచీలో అక్కడికే తీసుకెళ్ళారు. వాళ్ళిద్దరే. మూడు రోజులకి ఆయన మొహంలో నవ్వు చూశానండీ."

"ఎప్పుడు బయల్దేరారమ్మా?"

"ఇప్పుడే. రేవులో చెయ్యి ఊపి, తిన్నగా ఇలా వచ్చాను. అదుగో, వినబడుతోంది చూడండి."

వినబడుతోంది. మంచు అవతల ఎక్కడో లాంచీ ఇంజను, నిద్రలో గొణుగుతున్నట్టు, మెత్తగా, దూరంగా. ఇన్‌స్పెక్టరు గస్తీ పడవ కోసం కేకలు వేస్తూ రేవు వైపు పరుగెత్తాడు. డిటెక్టివు కూడా పరుగెత్తాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన పరుగెత్తడం అదే మొదటిసారి. మెట్ల చివర నీళ్ళ అంచున ఆగి, ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి ఒగ్గి విన్నాడు. అది ఆగకుండా ఉంటే చాలు, ఆ దారానే పట్టుకుని వెళ్ళిపోవచ్చు. ఆగకు, ఆగకు, అని లోపల్లోపల అనుకున్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

"చేరిపోయినట్టున్నారు అన్నయ్యగారూ," అంది వెనకే వచ్చిన మేస్త్రి భార్య, పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ. ఆమె ఎప్పుడూ ఆ సరస్సు దాటలేదు.

అవతలి ఒడ్డు గంటకు పైగా దారి. లాంచీ బయల్దేరి ఇంకా పావుగంటయినా కాలేదు.